రాజు, రాణి పట్టేంత అర

19 జూన్ 2005, ఆదివారం

ఇంటికి ఒక అద్దాల బీరువా కావాలి. పాతది, గట్టి చెక్కది, ముందు అద్దాల తలుపులున్నది. హాల్లో టీవీ పక్క గోడ బోసిగా ఉంది.

ఆయనతో అంటే, "ఇల్లు కట్టినప్పటి నుంచి ఆ గోడ అట్లే ఉండాది. ఇప్పుడేమొచ్చె దానికి?" అన్నారు. పీణ్యలో మిషన్ షాపు ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. ఇనుముతో చేసిన దేన్నైనా నమ్ముతారు, నా మాటే నమ్మరు.

మధ్యాహ్నం లలిత్ వచ్చి వెళ్ళాడు. ఆ సంగతి రేపు రాస్తాను.

20 జూన్

రాయాలని లేదు.

22 జూన్

లలిత్ మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడు. శ్రావణంలో.

మా హరిణి పోయి ఏడాది దాటింది. చేసుకోవాల్సిందే. చిన్నవాడు. ఆఫీసు నుంచి వచ్చి కుందలహళ్ళి ఫ్లాట్‌లో ఒక్కడే ఇంత బ్రెడ్ తిని పడుకుంటాడని నేనే కదా ఆయనతో గొడవపడుతూ వచ్చాను. అమ్మాయి పేరు మౌనిక. అదే ఆఫీసట. నారాయణపేట వైపు వాళ్ళు. చిన్నప్పుడే తల్లి పోయిందట.

అతను ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది. "అత్తమ్మా, మీరు వద్దంటే చేసుకోను" అన్నాడు. అలా అనడం ఎంత సులువు. వద్దనలేనని తెలిసే అన్నాడా అని కూడా అనిపించింది. పాపం, అతను అలాంటివాడు కాదు. "మంచి పని నాయనా" అన్నాను. ఎవరో పక్కింటావిడ అన్నట్టు ఉంది ఆ గొంతు.

హరిణి నగలూ చీరలూ అది పోయినప్పుడే తెచ్చి ఇచ్చేశాడు. "ఇంకా ఏమైనా ఉండిపోయాయా అత్తమ్మా?" అని మొన్న అడిగాడు. "ఏం లేవు" అన్నాను.

ఎందుకన్నాను? పట్టద బొమ్మలు అక్కడే ఉన్నాయి.

25 జూన్

అవి మా అమ్మ నా పెళ్ళికిచ్చిన జత. నేను హరిణి పెళ్ళికిచ్చాను. రక్తచందనం రాజు, రక్తచందనం రాణి. ఈ ఊళ్ళో మనవాళ్ళిళ్ళల్లో అదే మర్యాద, కూతురితో పాటు బొమ్మల జత అత్తారింటికి పోతుంది. దసరా కొలువులో పై మెట్టు వాళ్ళది. పోయిన జత పుట్టింటికి తిరిగి రాకూడదు. వస్తే అశుభమంటారు.

ఇంకా ఏం అశుభం జరగాలట మాకు?

రాణినొక్కదాన్నే అడుగుదామంటే, జత విడదీయకూడదు. అది ఇంకా పెద్ద తప్పు. అడిగితే ఇద్దర్నీ అడగాలి. ఇద్దర్నీ అడిగితే లలిత్ ఏమనుకుంటాడు? ఆ అమ్మాయి ఏమనుకుంటుంది?

బీరువాకూ దీనికీ సంబంధం లేదు.

2 జూలై

శివాజీనగర్ వెనక సందులో జయరామప్ప గోడౌనుకు పోయాను. దండులో, అదే కంటోన్మెంటులో, దొరల కాలం బంగళాలు పడగొట్టినప్పుడల్లా వాటి సామానంతా అతని దగ్గరకే చేరుతుందట. లోపల కాలు పెట్టే చోటు లేదు. ఒకదాని మీద ఒకటి బీరువాలు, టోపీలు తగిలించే కొయ్యస్తంభాలు, కాళ్ళు విరిగిన సోఫాలు. అన్నిటి మీదా దుమ్ము.

"రాండమ్మా. ఏం పెట్టుకొనేకి కావల్ల?" అన్నాడు.

"పింగాణీ సామాన్లకు" అన్నాను. మా ఇంట్లో పింగాణీ అంటే ఊరగాయ జాడీలు రెండు.

బీటె చెక్క బీరువా చూపించాడు, రోజ్‌వుడ్. నల్లగా నిగనిగలాడుతోంది, మనిషి కన్నా ఎత్తు. అద్దాలు పాతకాలంవి, వాటిలోంచి చూస్తే అవతలి వస్తువు నీళ్ళలో ఉన్నట్టు కదులుతుంది. ఎంత బాగుందో. అరలో చెయ్యి పెట్టి కొలిచాను. జానెడు కన్నా రెండు వేళ్ళే ఎక్కువ. రాజుకు కిరీటంతో కలిపి జానెడు మీద నాలుగు వేళ్ళు కావాలి.

"చాలదు" అన్నాను.

"ఎంత ఉండల్లమ్మా మీ పింగాణీ?" అన్నాడు. జవాబు చెప్పకుండా వచ్చేశాను. తలబిరుసు మనిషి అనుకుని ఉంటాడు. అనుకోనీ.

9 జూలై

మళ్ళీ పోయాను. ఈసారి ఆయన కూడా వచ్చారు, స్టీలు టేపు జేబులో వేసుకుని. నేను చెయ్యి పెట్టి కొలుస్తుంటే సహించలేరు. "జానెడంటే ఎవురి జానెడు? నీదా నాదా?" అని జయరామప్ప ముందరే.

మందుల షాపు బీరువా ఒకటి, అరల మీద ఇంకా మందుల పేర్లు అంటించి ఉన్నాయి. దాని వాసనకే నాకు హరిణిని ఉంచిన ఆస్పత్రి వరండా గుర్తొచ్చి బయటికొచ్చేశాను. డెంగీ వార్డు బయట అదే వాసన. ఆయన సోడా తెచ్చిచ్చారు.

తర్వాత జాలీ బీరువా. వంటింట్లో పాలూ మాంసమూ పెట్టుకునేదట. దాంట్లోనా? ఛీ.

తర్వాత మూలకు పెట్టుకునేది, మూడు మూలలది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ అర త్రికోణం. ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టలేం. ఒకరి ముఖం ఒకరు చూడకుండా చెరో గోడకూ తిరిగి కూర్చోవాలి. ఇద్దరు పట్టరు, వద్దన్నాను.

"ఇద్దరెవురు?" అన్నారు ఆయన ఆటోలో.

"రెండు జాడీలు" అన్నాను.

17 జూలై

హరిణికి ఐదేళ్ళప్పుడు అనుకుంటాను. విజయదశమి సాయంత్రం హారతి అయ్యాక రాజునూ రాణినీ పక్కపక్కన పడుకోబెడతాం. అంతటితో ఆ ఏడాది కొలువు అయిపోయినట్టు. మర్నాడు మెత్తటి పాత చీరలో చుట్టి ట్రంకులో పెడతాం. పడుకోబెట్టడం దాని పని. తన జేబురుమాలు కప్పి, జో కొట్టి, వాళ్ళు నిద్రపోయారని రూఢి చేసుకుని గాని లేచేది కాదు.

ఆ ఏడు ట్రంకు మూత వేస్తుంటే ఒకటే ఏడుపు. "వాళ్ళకు ఊపిరాడదు, తియ్యండి" అని. వాళ్ళ నాన్న ఎత్తుకుని సముదాయించారు. "అద్దాల బీరువా కొందాంలేమ్మా, దాంట్లో ఉండి టీవీ చూస్తారు" అన్నారు.

ఆయనకు ఆ మాట గుర్తుండి ఉండదు. నేను అడగలేదు.

6 ఆగస్టు

జయరామప్ప ఫోన్ చేశాడు. టేకుది వచ్చిందట, "మీ పింగాణీకి కొలిచినట్టే ఉండాది" అట.

పోయి చూశాను. పైన అద్దాల అరలు, కింద తలుపుల బీరువా. పై అర నా జానెడు మీద ఆరు వేళ్ళు. వెడల్పు, ఇద్దరు కూర్చుని పక్కన ఇంకా చెంబు పెట్టేంత. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

అప్పుడు చూశాను. పైది కాస్త ఎర్రటి టేకు, కిందది పచ్చటిది. కలిసే చోట ఒక పట్టీ కొట్టి ఉంది.

"ఇది ఒకటే బీరువా కాదు" అన్నాను.

దాచలేదు. "కాదమ్మా. పైది రిచ్మండ్ టౌన్‌లో ఒక దొరసాని ఇంటిది. దాని కింద భాగం చెదలు తినేసింది. కిందది ఇంకోరింటిది, పైన ఏమీ లేకుండా ఉండె. నేనే జత చేసినాను. వ్యాపారంలో అందరూ చేసేదే."

"మోసం కదా అది?"

"మోసమేముంది? రెండూ ఉట్టినే పడుండె. పదేండ్లు ఒకే ఇంట్లో ఉంటే రంగు దానంతటదే కలుస్తాదమ్మా."

కోపం ముంచుకొచ్చింది. ఎందుకంత కోపమో తెలియదు. దేని కాళ్ళు దానికే ఉండాలి, వేరేవాళ్ళ కాళ్ళ మీద నిలబెట్టడమేమిటని కేకలేసి వచ్చేశాను. పక్క దుకాణం సాయిబు లేచి నిలబడి చూశాడు.

28 ఆగస్టు, ఆదివారం

ఈ రోజు పెళ్ళి. తిరుపతిలో. మేం పోలేదు. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన అలాగే తినేశారు.

29 ఆగస్టు

లలిత్ ఇకమీద ఆదివారాలు రాడు. రావాలని ఎందుకుంటుంది?

3 సెప్టెంబర్

అతికించిన బీరువానే కొన్నాను. వేరే ఏదీ సరిపోలేదు మరి. పితృపక్షం వస్తే మళ్ళీ ఏమీ కొనకూడదు, అందుకే తొందరపడ్డాను. జయరామప్ప గెలిచినట్టు నవ్వలేదు, అది ఒకటి మెచ్చుకోవాలి. తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఉట్టి గుడ్డతోనే తుడవండమ్మా, పాలిష్ వద్దు" అన్నాడు.

గోడ దగ్గర నిలబెట్టించాం. నేల సమంగా లేదని ఆయన ఒక కాలి కింద రేకు ముక్క పెట్టారు. టేపుతో మూడు వైపులా కొలిచి తృప్తిపడ్డారు.

ఇల్లు నిండుగా ఉంది.

8 సెప్టెంబర్

నిండుగా ఏమీ లేదు. అన్నీ ఖాళీ అరలు. తలుపు అద్దంలో నా ముఖమే వంకరగా కనిపిస్తోంది. ఆయన పొద్దున తన బీపీ మాత్రల డబ్బా పై అరలో పెట్టారు. తీసి కింద పెట్టాను. సాయంత్రం మళ్ళీ పై అరలోనే ఉంది. మళ్ళీ తీశాను.

14 సెప్టెంబర్

ఆయన పేపరు మడిచి పెట్టి, నా వైపు చూడకుండా అన్నారు: "బొమ్మల కోసమే కదా ఇదంతా. అడుగు వాణ్ని."

"మీకెవరు చెప్పారు?"

"జానెడు మీద నాలుగు వేళ్ళు. నాకు తెలీదా?"

తెలుసన్నమాట, మొదటి నుంచీ. తెలిసే టేపు పట్టుకుని నా వెంట తిరిగారు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. వంటింట్లోకి పోయి కొళాయి తిప్పుకున్నాను.

5 అక్టోబర్

నవరాత్రులు మొదలయ్యాయి. పై మెట్టు మీద పెట్టడానికి జతే లేదు, నేను కొలువు పెట్టలేదు.

పదకొండింటికి ఫోన్ మోగింది. ఆ అమ్మాయి.

"అమ్మా, నేను మౌనికను. లలిత్ చెప్పిండు, మీరు బొమ్మలు మంచిగ పెడ్తరని. మా దిక్కు బతుకమ్మనే, బొమ్మల సంగతి నాకు తెల్వదు. దసరా నాడు ఒకసారి వచ్చి చూస్తరా? తప్పులుంటే చెప్పాలె."

అమ్మా అంది. అంటే అంది, నోటి అలవాటుగా అంది. వస్తానన్నాను. బొమ్మలు కళ్ళారా చూసి, లలిత్‌ను ఒక్క మాట అడిగి, ఇద్దర్నీ తెచ్చేసుకుంటాను. అన్నీ ఆలోచించుకున్నాను. అతను కాదనడు. ఆ పిల్లకు వాటి విలువే తెలియదు. ట్రంకులోంచి మెత్తటి పాత చీర తీసి సంచిలో పెట్టాను.

12 అక్టోబర్, విజయదశమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కుందలహళ్ళికి రెండు బస్సులు మారి పోయేసరికి నాలుగయింది. మౌనిక తలుపు తీసింది. సన్నగా, పొడుగ్గా ఉంది. కాళ్ళకు దండం పెట్టింది. లలిత్ వంటింటి గుమ్మంలో నిలబడి "రండత్తమ్మా" అన్నాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. ఇంటి అన్నం. సంతోషించాలి.

కొలువు మెట్లు మూడే. ప్లాస్టిక్ చెట్లు, చన్నపట్న లక్కబొమ్మలు, కింద పళ్ళెంలో చెండుపూలతో పేర్చిన బతుకమ్మ. పై మెట్టు ఖాళీ.

"బొమ్మలేవి?" అన్నాను.

దేవుడి గూడు చూపించింది. అక్కడ వేంకటేశ్వరుడి పటం పక్కన రాణి ఒక్కతే. ముఖానికి పసుపు, నుదుట కుంకం. ఆకుపచ్చ పట్టుగుడ్డ చీరలా చుట్టి ఉంది. ముందు గాజులు, తమలపాకుల్లో పండు, మడత విప్పని కొత్త చీర.

"అక్కకు చీర పెట్టిన అమ్మా" అంది మౌనిక మెల్లగా. "మా దిక్కు ముందు పోయినామెకు పెట్టి మొక్కినంకనే మేం కట్టుకుంటం. ఈ బొమ్మ అక్కదని లలిత్ చెప్పిండు. అందుకే అక్కనే అనుకొని ఇక్కడ పెట్టిన."

ఒళ్ళు మండిపోయింది. నా కూతురు, నా కూతురు పసుపు పూసుకుని పటాల పక్కన, పోయినవాళ్ళ వరసలో.

"రాజేడి?"

"బెడ్రూం బీరువల ఉన్నడు."

"జతను విడదీస్తారా ఎవరైనా?" గట్టిగానే అన్నాను. "మీ ఇళ్ళల్లో ఎవరూ చెప్పలేదా? రెండూ ఒక చోట ఉండాలి, రెండూ పక్కపక్కన ఉండాలి, మా అమ్మ దగ్గరి నుంచీ ఒక్క రోజు విడిగా లేవు అవి."

లలిత్ ఏదో అనబోయాడు. ఆ పిల్ల చెయ్యెత్తి ఆపింది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ మాట తడబడలేదు.

"మొదట్ల పక్కపక్కనే పెట్టిన అమ్మా. పొద్దున లేస్తే ఇద్దరే కనపడ్డరు. ఇద్దరూ అట్లనే కూసుంటే, ఇగ నేనెక్కడ కూసోవాలె?"

పక్క ఫ్లాట్‌లో టీవీ వినిపిస్తోంది. నేను ఆ పిల్ల ముఖం అప్పుడు చూశాను, నిజంగా చూశాను. తల్లి లేని పిల్ల. బొమ్మల జత ఇచ్చి పంపేవాళ్ళు లేని పిల్ల. నా కూతురి ఇంట్లో నా కూతురికి దండం పెట్టుకుంటూ బతుకుతోంది. మరి నేను? సంచిలో పాత చీర పెట్టుకుని ఇద్దర్నీ ఎత్తుకుపోదామని వచ్చాను. రాణి ఒక్కతే చాలనుకుంటే ఎప్పుడో అడిగేదాన్ని. నాకు రాజు కూడా కావాలి. లలిత్ కావాలి. ఆదివారం వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి, హరిణి మొగుడుగానే ఉండిపోవాలి.

"రాజును తీసుకురామ్మా" అన్నాను.

తెచ్చింది. రాణి ముఖం పసుపు నా కొంగుతో తుడిచాను. పై మెట్టు మీద ఇద్దర్నీ పెట్టాను, రాజుకు ఎడమ పక్కన రాణి. మౌనిక చేత హారతి ఇప్పించాను. లలిత్ దూరంగా నిలబడి దండం పెట్టుకున్నాడు.

"ఇప్పుడు పడుకోబెట్టాలి" అన్నాను. "దాంతో ఈ ఏడు కొలువు అయిపోయినట్టు."

పాత చీర మడత పెట్టి మెట్టు మీద పరిచాను. రాణిని రెండు చేతులా పట్టుకుని పడుకోబెట్టాను. ఎంత తేలిక. హరిణిని కడసారి పడుకోబెట్టినప్పుడు నన్ను దగ్గరకు పోనివ్వలేదు, ఎవరెవరో ఆడవాళ్ళు పట్టుకున్నారు. ఇవాళ ఎవరూ పట్టుకోలేదు. జేబురుమాలు లేదు, కొంగు కప్పాను. జో కొట్టాను. ఎంతసేపు కొట్టానో తెలియదు.

"ఆయనను పడుకోబెట్టరా అమ్మా?" అంది మౌనిక.

రాజు ఇంకా అలాగే ఉన్నాడు.

"ఆయనకింకా నిద్ర రాలేదు. ఉండనీ" అన్నాను.

లలిత్ గోడ వైపు తిరిగి ఏడ్చాడు. వెళ్ళి వీపు నిమిరాను. తర్వాత రాణిని చీరలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. "ఇద్దర్నీ తీసుకుపోండత్తమ్మా" అన్నాడు. తల అడ్డంగా ఊపాను.

"రాజు మీ ఇంట్లో ఉంటాడు" అని మౌనికతో అన్నాను. "పక్కకు కొత్త రాణి కావాలి. అది పుట్టింటివాళ్ళు ఇవ్వాలి. వచ్చే దసరాకు నేను తెస్తాను."

"మరి అక్కకు చీర?"

"మా ఇంటికి తెచ్చి పెట్టు."

అన్నానైతే అన్నాను. చేయగలనో లేదో తెలియదు. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని, కూర్చున్నంతసేపూ చెయ్యి తీయలేదు.

13 అక్టోబర్

పొద్దున స్నానం చేసి పై అర తుడిచి రాణిని పెట్టాను. ఎడమ పక్కన. అలవాటు. కుడి పక్కన జానెడు జాగా అలాగే ఉండిపోయింది. సరిచేద్దామంటే చెయ్యి ఆడలేదు.

ఆయన వచ్చి నిలబడ్డారు. రాజేడని అడగలేదు. లోపలికి పోయి టేపు తెచ్చారు. ఇటు కొలిచారు, అటు కొలిచారు. బొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని కొంచెం కొంచెంగా జరిపి సరిగ్గా నడిమధ్యకు తెచ్చారు.

నేను అద్దాల తలుపు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"తీసే ఉండనీ" అన్నారు. "దానికి ఊపిరాడదు."